ఏ నెల గురించి అడుగుతున్నారు?

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం ‘తిరుపతి మహానగరంలో నెలవారీ ఉపాధి తీరుతెన్నులు’. రాజ్యాంగంలోని 243పి అధికరణం ప్రకారం పది లక్షల జనాభా ఉంటే గానీ మెట్రోపాలిటన్ ప్రాంతం కాదు. 2011 లెక్కల్లో మన తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళతో కలిపినా ఐదు లక్షలకు చేరలేదు. అయినా కరపత్రంలో ఆ మాట వేసినవాళ్ళ నోట్లో చక్కెర పొయ్యాలి.

మా వీధి చివర ఒకామె ఉంది. అక్కా అంటాను. కిందటేడు మా కాలేజీ పిల్లలు సర్వే ఫారాలతో ఇంటింటికీ తిరిగారు. ‘నీ పనేంటమ్మా?’ అని రాసుకోబోయిన పిల్లవాడిని ఆమె ఎదురు అడిగింది: ‘ఏ నెల గురించి అడగతా ఉండావు నాయనా?’

ఈ సాయంత్రం నేను చెప్పదలచినదంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

తోతాపురి మామిడికాయ కోతకొచ్చిందంటే జూన్, జూలై నెలల్లో ఆమెది జ్యూస్ ఫ్యాక్టరీ. ఇంకా చీకటుండగానే బండి వీధి మొగదలకొచ్చి హారన్ కొడుతుంది. రోజంతా కాయ ఏరడం, కడగడం, కోయడం. సొన తగిలి వేళ్ళ సందుల్లో పొక్కులు లేస్తాయి. రాత్రి కొబ్బరినూనె రాసుకొని మర్నాడు మళ్ళీ బండెక్కుతుంది. గుజ్జు సీజన్ ముగిశాక బ్రహ్మోత్సవాలకు పూలంగడిలో మాలలు కడుతుంది. ఆ తర్వాత పుట్టింటి ఊళ్ళో చెనక్కాయలు పీకడం. ఎండాకాలం సెలవుల రద్దీలో లాడ్జీలో దుప్పట్లు ఉతకడం. ఒకే మనిషి ఏడాదిలో ఆహార పరిశ్రమ, చిల్లర వ్యాపారం, వ్యవసాయం, ఆతిథ్యం అనే నాలుగు గళ్ళు తిరిగొస్తుంది. పట్టికలో చూస్తే ఒక రంగంలో ఉద్యోగాలు ఊడినట్టు, మరో రంగంలో పుట్టినట్టు కనిపిస్తుంది. అక్కడా ఇక్కడా ఉన్నది మా అక్కే.

ఇంతకూ దేశంలో నెలనెలా లెక్క తీస్తున్నారా? తీస్తున్నారు, ఈమధ్యనే మొదలైంది. కేంద్ర గణాంక శాఖ శ్రామిక సర్వే 2017లో మొదలైనా, నెలవారీ బులెటిన్ 2025 మే నెలలోగానీ రాలేదు. మొదటిది ఆ ఏప్రిల్‌ది: పదిహేనేళ్ళు పైబడినవాళ్ళలో నిరుద్యోగం 5.1 శాతం. మే నెలకి 5.6 అయింది. రబీ కోతలైపోయాక పొలం పనులు తగ్గడం దానికి ఒక కారణమని గణాంక శాఖే చెప్పింది. ఏటా వచ్చే ఇలాంటి రుతువుల హెచ్చుతగ్గులను ఆ అంకెల్లోంచి తీసేయలేదు. కాబట్టి కిందటి నెలతో పోల్చి ‘పెరిగింది, తగ్గింది’ అని రాసే వార్తను కాస్త అనుమానంతో చదవండి. పైగా ఆ నెలవారీ అంకె దేశం మొత్తానిది, అందులో తిరుపతి కనబడదు. అమెరికాలో నగర ప్రాంతాలకు విడివిడిగా, రంగం రంగానికీ ఇలాంటి పట్టిక నెలనెలా వస్తుంది. మనకు 2025 జనవరి నుంచి సర్వేలో జిల్లాను ప్రాథమిక యూనిట్‌గా తీసుకున్నారు. ఆశపడొచ్చు.

ఇంకో మెలిక. గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్కరోజు, ఒక్క గంట పని చేసినా ఆ లెక్కలో ఉపాధి ఉన్నట్టే. అంగట్లో రెండు మూరలు కట్టి లేచొచ్చినా మా అక్క ఉద్యోగస్తురాలే!

ఇక పీఎఫ్ (భవిష్యనిధి) చందాదారుల లెక్క. 2018 నుంచి నెలనెలా ఇస్తున్నారు, రంగాలవారీగా కూడా. అందులో ‘ఎక్స్‌పర్ట్ సర్వీసెస్’ అనే పద్దు చాలా పెద్దది. పేరు వింటే చార్టర్డ్ అకౌంటెంట్లు, ఇంజనీర్లు గుర్తొస్తారు. నిజానికి మనుషుల్ని సప్లై చేసే కాంట్రాక్టర్లు, సెక్యూరిటీ ఏజెన్సీలు అందులోనే ఉంటారు. మన జిల్లా పారిశ్రామికవాడ శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ కంపెనీలు ఏసీలు తయారుచేస్తాయి. ఏసీల గిరాకీ ఎండలకు ముందు పెరుగుతుంది, కాబట్టి మనుషుల్ని తీసుకోవడమూ అప్పుడే ఎక్కువ. కాంట్రాక్టర్ ద్వారా అలాంటి లైన్ మీదికి పోయిన కుర్రాడు రోజంతా స్క్రూలు బిగించినా, పీఎఫ్ పట్టికలో తయారీ రంగంలో ఉండకపోవచ్చు, ‘ఎక్స్‌పర్ట్’ అయిపోవచ్చు. తల్లిదండ్రులు సంతోషించాలో లేదో నాకు తెలియదు.

కిందటి నెలతో పోల్చకూడదంటే మరి దేంతో పోల్చాలి? కిందటేడు ఇదే నెలతో అని పుస్తకాల్లో ఉంటుంది. నేనూ ఇరవయ్యేళ్ళు క్లాసులో అదే చెప్పాను. మన ఊళ్ళో అదీ పప్పులో కాలే. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అందుకే రెండు బ్రహ్మోత్సవాలు జరిగాయి. సాలకట్ల బ్రహ్మోత్సవాలు సెప్టెంబర్ 18 నుంచి 26 దాకా, నవరాత్రి బ్రహ్మోత్సవాలు అక్టోబర్ 15 నుంచి 23 దాకా. 2024లో ఒక్కటే, అదీ అక్టోబర్ 4న మొదలైంది. ఆ రెండు సెప్టెంబర్లను పక్కపక్కన పెడితే 2024లో పూలంగళ్ళూ, జీపులూ, మెస్సులూ ఒక్కసారిగా దెబ్బతిన్నాయని అనిపిస్తుంది. దెబ్బా లేదు, పాడూ లేదు. పండగ తేదీ పక్కకు జరిగిందంతే. అధికమాసం సుమారు ముప్ఫైరెండు నెలలకోసారి వస్తుంది, ఇంగ్లీషు క్యాలెండర్‌కి దాని ఊసే పట్టదు. అదే తమిళుల పెరటాసి నెల శనివారాలు చూడండి, తమిళ భక్తులు పోటెత్తే రోజులు. అది సౌరమాసం, ఏటా సెప్టెంబర్ మధ్యలోనే మొదలవుతుంది, అటూ ఇటూ జరగదు. ఒకే కొండ, రెండు పంచాంగాలు. పాశ్చాత్యులకు ఈస్టర్ ఇలాగే అటూ ఇటూ జరుగుతుంటే, అక్కడి గణాంకవేత్తలు దాన్ని సర్దడానికి ప్రత్యేకంగా సూత్రాలే తయారుచేసుకున్నారు. మనం ఆపాటి పని చేసుకోలేమా?

ఈ ఊళ్ళో పని దేనిమీద ఆనుకొని ఉందో 2020లో చూశాం. మార్చి 20న కొండమీద దర్శనం ఆగింది, భక్తులకు మళ్ళీ తలుపులు తీసింది జూన్‌లో. ఆ రోజుల్లో లాడ్జీల ముందు ముగ్గులు కూడా లేవు. మా అక్క మాత్రం జూన్ రాగానే సొన చేతులతో కనబడింది. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగించింది మామిడికాయ. రంగాలు మారడాన్ని మనం నిలకడ లేకపోవడం అంటాం. ఆమెకు అదే బీమా.

అందుకని మా కాలేజీ పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టారు. తేదీకి రెండు గళ్ళు: ఒకటి ఇంగ్లీషు నెల, ఒకటి తెలుగు మాసం. పక్కన పని, కూలి, ఎన్ని రోజులు, ఎవరి ద్వారా. మొదటి వరస మా అక్కది. ‘వృత్తి’ అని గడి పెట్టలేదు. రాసేవాళ్ళు చాలడం లేదు, పేరిచ్చేవాళ్ళు బయట బల్ల దగ్గర ఇవ్వండి. ప్రశ్నలుంటే అడగండి, మైకు వెనక వరసకు పంపిస్తారు.