ఆ పాత డబ్బాని ఎవరు మారుస్తారు?

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ మేడమ్ గారికి, ఈ ప్రోగ్రామ్ పెట్టిన ఫైనలియర్ పిల్లలకి, పొద్దున్నుంచి మైక్‌తో తంటాలు పడుతున్న ఆ తమ్ముడికి కూడా థ్యాంక్స్. లంచ్ టైమ్ దగ్గర పడింది, మిగతా మర్యాదలు వదిలేస్తున్నా, ఏమీ అనుకోకండి.

బ్యానర్ మీద "క్వాంటమ్ - భవిష్యత్తు" అని వేశారు. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అంటున్నారు, ఐబీఎం వాళ్ల 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్ లెక్కకి వాడే బిట్లు) హెరాన్ ప్రాసెసర్ ఉన్న మెషీన్ పెడతామని 2025 మేలో ప్రకటించారు, కేంద్రం కూడా 2023లోనే నేషనల్ క్వాంటమ్ మిషన్‌కి 6003 కోట్లు పైన ఓకే చేసింది. సంతోషం, రావాలి. కానీ నెట్‌వర్క్ పని చేసుకునేవాడిగా నా బాధ వేరే ఉంది, ఆ క్వాంటమ్ కంప్యూటర్ మన డేటాకి ఇప్పుడున్న తాళాలు విరగ్గొట్టగలదు, కొత్త తాళాలు వేద్దామంటే మన దగ్గరున్న పాత డబ్బాలు అడ్డుపడుతున్నాయి, అది చెప్పుకోడానికే వచ్చాను.

ముందు కొంచెం లెక్క. మీరు బ్యాంక్ యాప్ తెరవగానే ఫోనూ సర్వరూ కలిసి ఒక రహస్య కీ తయారుచేసుకుంటాయి, అవతల ఉన్నది నిజంగా బ్యాంకేనా అని సంతకం చూసుకుంటాయి. వీటికి వాడే ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతి 1977 నాటిది, పెద్ద సంఖ్యని కారణాంకాలుగా విడగొట్టడం కష్టం అన్న నమ్మకం మీద నిలబడింది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్ గారు, ఆయన స్టూడెంట్స్ నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది త్వరగా తేల్చే పద్ధతి కనిపెట్టారు. ఆ ఇద్దరూ అప్పుడే బీటెక్ అయినవాళ్లు, అంటే మీ వయసు వాళ్లే! దాంతో ఆర్‌ఎస్‌ఏకి ఏమీ కాలేదు, ప్రధాన సంఖ్య కాదని చెప్పడం వేరు, దాని కారణాంకాలు బయటికి లాగడం వేరు. ఆ రెండోది క్వాంటమ్ కంప్యూటర్ త్వరగా చేసేస్తుందని 1994లో బెల్ ల్యాబ్స్‌లో పీటర్ షోర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఇదే పనికి ఇప్పుడు ఎక్కువగా వాడే ఎలిప్టిక్ కర్వ్‌ల పద్ధతి కూడా దాని ముందు నిలబడదు. కీ కుదిరాక డేటాకి తాళం వేసే ఏఈఎస్-256కి మాత్రం ఇబ్బంది లేదు, అది ఉంటుంది.

మరి ఆ మెషీన్ ఉందా అంటే లేదు. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏని 8 గంటల్లో విరగ్గొట్టాలంటే 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో గిడ్నీ, ఎకెరా అనే ఇద్దరు పరిశోధకులు లెక్క కట్టారు. అదే గిడ్నీ 2025 మేలో మళ్లీ లెక్కేసి 10 లక్షల లోపే చాలు, వారం లోపు అయిపోతుంది అన్నాడు. గూగుల్ వాళ్ల క్వాంటమ్ చిప్ విల్లోలో ఉన్నవి 105 క్యూబిట్లు. దూరం చాలానే ఉంది, కాకపోతే ఆరేళ్లలో లెక్కే 20 రెట్లు దిగిపోయింది, అది గమనించండి.

"అయితే అప్పుడు చూసుకుందాం" అంటారు. అలా కుదరదండీ! ఇవాళ కేబుల్‌లో పోయే ట్రాఫిక్‌ని కాపీ చేసి దాచిపెట్టుకుంటే చాలు, మెషీన్ వచ్చిన రోజున తెరుచుకోవచ్చు. మిషెల్ మోస్కా అనే పరిశోధకుడు సూటిగా చెప్పాడు, మీ డేటా ఎన్నేళ్లు రహస్యంగా ఉండాలి, సిస్టమ్స్ మార్చడానికి ఎన్నేళ్లు పడుతుంది, ఈ రెండూ కలిపితే మెషీన్ వచ్చే టైమ్ దాటిపోయిందా, మీరు ఆల్రెడీ లేట్. ఓటీపీ నిమిషాల్లో చచ్చిపోతుంది, దాని గురించి బెంగలేదు. హాస్పిటల్ రిపోర్టు? వేలిముద్ర? పాస్‌వర్డ్ మార్చుకుంటాం, బొటనవేలు మార్చుకోలేం కదా.

మందు లేదా అంటే ఉంది. అమెరికాలో స్టాండర్డ్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2016లో పోటీ పెట్టి 2024 ఆగస్టులో క్వాంటమ్‌ని తట్టుకునే కొత్త స్టాండర్డ్స్ ఇచ్చింది, కీకి ఎంఎల్-కెమ్, సంతకానికి ఎంఎల్-డీఎస్ఏ, ఇంకోటి. పోటీకి వచ్చినవన్నీ నిలబడలేదు, సైక్ అనే పద్ధతిని 2022లో మామూలు కంప్యూటర్ మీద ఒక్క కోర్‌తో గంటలో విరగ్గొట్టేశారు. అందుకే బ్రౌజర్లు పాతదీ కొత్తదీ కలిపి వాడుతున్నాయి. పొద్దున ఒక అబ్బాయి ఫోటాన్లతో, అంటే కాంతి కణాలతో, కీ పంపే పద్ధతి గురించి అడిగాడు, 2022లో డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ వాళ్లు ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్‌కి చేసి చూపించారు, మంచి పనే, కానీ దానికి ప్రత్యేకమైన పరికరాలు కావాలి నాన్నా, ప్రతి ఫోన్‌కీ రాదు.

ఇప్పుడు నా గోడు. ఒక ఆఫీసులో నెట్‌వర్క్ నేను చూసేవాణ్ణి, పేరు వద్దు. 2024లో ఈ కొత్త కీ పద్ధతితో క్రోమ్ అప్‌డేట్ అయ్యాక కొన్ని సైట్లు తెరుచుకోవట్లేదని ఒకటే ఫోన్లు. నెట్‌వర్క్‌లో ఏం పోతోందో చూపించే వైర్‌షార్క్ పెట్టి చూశాం. కనెక్షన్ మొదట్లో బ్రౌజర్ పంపే హలో మెసేజ్‌లో పాత కీ 32 బైట్లు, కొత్తది ఒక్కటే 1184 బైట్లు. ఒక్కో ప్యాకెట్‌లో, అంటే నెట్‌లో పోయే డేటా ముక్కలో, పట్టేదే 1500 బైట్ల దాకా, మిగతావన్నీ కలిసేసరికి హలో రెండు ప్యాకెట్లయింది. ర్యాక్‌లో ఉన్న పాత ఫైర్‌వాల్‌కి, అంటే వచ్చే పోయే ట్రాఫిక్‌ని కాపలా కాసే డబ్బాకి, హలో అంటే ఒకే ప్యాకెట్ అని తెలుసు, సగం హలో చూసి ఇదేదో తేడాగా ఉందని రీసెట్ కొట్టి కనెక్షన్ తెంపేస్తోంది. దాని లోపలి సాఫ్ట్‌వేర్‌కి, అదే ఫర్మ్‌వేర్‌కి, అప్‌డేట్స్ రావడం ఎప్పుడో ఆగిపోయింది. మార్చమని ఫైల్ పెట్టాను. "పనిచేస్తోందిగా" అన్నారు. చివరికి ఏం చేశారో తెలుసా, అన్ని పీసీల్లో క్రోమ్ పాలసీ పెట్టి కొత్త కీ పద్ధతినే ఆఫ్ చేయించారు. సైట్లు తెరుచుకున్నాయి, కంప్లైంట్ క్లోజ్! ఒక పాత డబ్బాని కాపాడటానికి మనుషుల డేటాకి ఉన్న రక్షణ తీసేశారు. నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

మీరే చెప్పండి, ఆ డబ్బాని ఎవరు మారుస్తారు? షోర్ వచ్చి మార్చడు, ఐబీఎం మార్చదు. అమెరికా ప్రభుత్వం తన సిస్టమ్స్‌కి 2035 టార్గెట్ పెట్టుకుని పని మొదలెట్టింది, వాళ్లు కూడా మొదట చేస్తున్నది ఎక్కడెక్కడ ఏ ఎన్‌క్రిప్షన్ ఉందో లిస్టు రాసుకోవడమే. ఇక్కడ ఆ లిస్టు ఎంతమంది దగ్గరుంది?

అందుకే ప్రిన్సిపాల్ గారూ, ఒక్క రిక్వెస్టు. ఫైనలియర్ ప్రాజెక్టు కింద ఒక బ్యాచ్‌కి సర్వర్ రూమ్ అప్పజెప్పండి, సిస్టమ్ అడ్మిన్ గారిని పక్కనే ఉంచండి. వైఫై లాగిన్, ఎగ్జామ్ పోర్టల్, వీపీఎన్, సీసీ కెమెరా రికార్డర్, బయోమెట్రిక్ అటెండెన్స్, ఒక్కోటీ ఏ కీ వాడుతోంది, ఏ సర్టిఫికెట్, ఫర్మ్‌వేర్ ఇంకా వస్తోందా లేదా, అన్నీ రాయమనండి. మార్కులు కూడా ఇవ్వండి సార్, మోడల్ బొమ్మలు చేసిన వాళ్లకి ఇచ్చినన్ని ఇవ్వండి. ఆ షీట్ నాకు పంపితే కూర్చుని చూసిపెడతాను, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇక అడగండి. ముందు ఆ వెనక చెయ్యెత్తిన అమ్మాయికి మైక్ ఇవ్వండి తమ్ముడూ.