జాంగో సెషన్స్ రివ్యూ: కార్ట్‌లో రెండో ఐటమ్ ఎటు పోతోంది?

అందరికీ నమస్కారం. ఈరోజు జాంగో సెషన్స్ రివ్యూ. జాంగో అంటే పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్. ఒక యూజర్ డేటాను పేజీ మారినా గుర్తుంచుకునే ఏర్పాటే సెషన్. లాగిన్, టైమవుట్ లాంటివి బాగానే ఉన్నాయి, వాటి జోలికి వెళ్లను. నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసిన విషయం ఒకటుంది, అదే చూపిస్తాను.

స్క్రీన్ చూడండి. ఇది పచ్చళ్ల షాపు సైటు. కార్ట్ అనే లిస్టు సెషన్‌లో ఉంది. ఆవకాయ కలిపాను, ఒకటి అంది. గోంగూర కలిపాను, రెండు అంది. ఇప్పుడు రిఫ్రెష్ కొడుతున్నా... చూశారా, మళ్లీ ఒకటే! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

బ్రౌజర్ సర్వర్‌ను ఏదైనా అడిగిన ప్రతిసారీ అది ఒక రిక్వెస్ట్. జాంగో సెషన్‌ను రిక్వెస్ట్ చివర్లో సేవ్ చేస్తుంది. అదీ మాడిఫైడ్ అనే గుర్తు ట్రూ అయితేనే. ఆవకాయ అప్పుడు సెషన్‌లో కార్ట్ అనే కీని, అంటే పేరును, కొత్తగా పెట్టాం, గుర్తు పడింది. గోంగూరను ఆ లిస్టు చివరకే చేర్చాం, అంటే అపెండ్ చేశాం, గుర్తు పడలేదు. మెమరీలో లిస్టు మారింది కాబట్టి ఆ పేజీలో రెండు కనిపించాయి, డేటాబేస్ దాకా మాత్రం వెళ్లలేదు.

అసలు టెన్షన్ ఎక్కడంటే, అదే రిక్వెస్ట్‌లో కూపన్ కోడ్ కూడా సెషన్‌లో పెట్టామనుకోండి, గుర్తు పడి సెషన్ మొత్తం సేవ్ అయిపోతుంది, గోంగూరతో సహా. అందుకే ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. మనమేమో కుకీనీ బ్రౌజర్‌నీ అనుమానిస్తూ కూర్చుంటాం.

మీకూ ఇలాగే అవుతుంటే, అపెండ్ కిందే రిక్వెస్ట్ డాట్ సెషన్ డాట్ మాడిఫైడ్ ప్రింట్ చేయండి. ఫాల్స్ వస్తే దొంగ దొరికినట్టే. లిస్టును తిరిగి అదే కీకి ఇవ్వండి, లేదా ఆ గుర్తును మీరే ట్రూ చేయండి. ట్రూ వచ్చినా నిలవడం లేదా? రెస్పాన్స్ 500, అంటే సర్వర్ ఎర్రర్, అయిందేమో చూడండి, అప్పుడు జాంగో సేవ్ చేయదు. ప్రతిసారీ సెషన్ కీ, అంటే సెషన్‌ను గుర్తుపట్టే కోడ్, మారిపోతుంటే దాన్ని బ్రౌజర్‌లో దాచే కుకీ వెనక్కి రావడం లేదన్నమాట. హెచ్‌టీటీపీఎస్ లేని టెస్ట్ సర్వర్‌లో కుకీని సెక్యూర్, అంటే హెచ్‌టీటీపీఎస్‌లోనే వెళ్లేలా, చేసి ఉంటారు.

ప్రతి రిక్వెస్ట్‌కీ సేవ్ చేసే సెట్టింగ్ కూడా ఉంది. నేనైతే వద్దంటాను. ఊరికే పేజీ తెరిచినా డేటాబేస్‌లో రాయాల్సి వస్తుంది.

నా మార్కులు 10కి 8. డాక్యుమెంటేషన్‌లో ఇదంతా స్పష్టంగా రాశారు. కానీ డీబగ్ మోడ్‌లోనైనా ఒక వార్నింగ్ ఇస్తే కొత్తవాళ్లకు ఎన్నో గంటలు మిగిలేవి, రెండు మార్కులు అందుకే తగ్గించాను.

ఇదిగో, ఆ ఒక్క లైనూ మార్చాను. రిఫ్రెష్ కొడుతున్నా... ఆవకాయ, గోంగూర, రెండూ ఉన్నాయి.