డ్రాఫ్ట్‌లో పేరు రాని పిల్లల గురించి

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. పొద్దున ఆరింటి నుంచి వంటల దగ్గర నిలబడ్డ వాళ్లకి, కుర్చీలు మోసిన పిల్లలకి, నన్ను పిలిచిన కమిటీ వాళ్లకి చాలా థాంక్స్. "పిల్లలు, ఆటలు, కాలేజీ" అనే అంశం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. నేను మాత్రం ఒక్క బేస్‌బాల్ గురించే మాట్లాడతాను. అందులోనూ ప్రతి జూలైలో ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ గురించే. మిగతా ఆటల తల్లిదండ్రులు దయచేసి ఓపిక పట్టండి, ఇది నేను చెప్పి తీరాల్సిన విషయం.

ఒకసారి చేతులెత్తండి, మీలో ఎవరి పిల్లలు ట్రావెల్ బాల్, అంటే ఊరూరా తిరిగి ఆడే క్లబ్ బేస్‌బాల్ ఆడుతున్నారు? చూశారా, ఎన్ని చేతులో! పదేళ్ల కిందట మావాడిని టోర్నమెంట్లకి తిప్పే రోజుల్లో ఇదే అట్లాంటాలో, మైదానం పక్కన ఎక్కడైనా తెలుగు మాట వినిపిస్తే నేనూ మా ఆవిడా చటుక్కున వెనక్కి తిరిగి చూసేవాళ్లం. ఇప్పుడు ఒక్కో జట్టులో మన పిల్లలు ఇద్దరేసి ఉంటున్నారు. చాలా సంతోషం. కానీ వీళ్లలో ఎవరినైనా డ్రాఫ్ట్ గురించి అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "అబ్బే, మావాడు అంత దూరం వెళ్లడండీ, కాలేజీలో ఆడితే చాలు." నేనూ సరిగ్గా ఇదే మాట అనేవాణ్ణి. డ్రాఫ్ట్‌కి వెళ్లే పిల్లాడి సంగతి వాడి ఏజెంటు చూసుకుంటాడు. డ్రాఫ్ట్ వల్ల ఎక్కువ దెబ్బ తగిలేది అందులో పేరు లేని పిల్లాడికి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే వచ్చాను.

కిందటేడాది డ్రాఫ్ట్ మన ఊళ్లోనే జరిగింది, గుర్తుందా? 2025 జూలై 13, 14 తేదీల్లో, ట్రూయిస్ట్ పార్క్ స్టేడియం పక్కన, ఆల్‌స్టార్ ఆటకి ముందు. మావాడు అప్పటికి హైస్కూల్ పూర్తి చేశాడు. లెఫ్ట్ హ్యాండ్ పిచ్చర్, అంటే ఎడమ చేత్తో బంతి విసిరేవాడు. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఒక కాలేజీకి వస్తానని ఏడాదిన్నర ముందే మాటిచ్చి కమిట్ అయ్యాడు. కాలేజీ పేరు చెప్పను, అడగొద్దు. స్కాలర్‌షిప్ లేకుండా వాక్ ఆన్‌గా రమ్మన్నారు, రోస్టర్‌లో, అంటే జట్టు జాబితాలో, చోటు ఖాయమన్నారు, రెండో ఏడాది నుంచి డబ్బు సంగతి చూస్తామన్నారు. అన్నీ ఫోన్లోనే. మావాడు ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టాడు, ఇండియాలో మా అమ్మ వీధి వీధంతా లడ్డూలు పంచింది, మేము డార్మ్‌కి దుప్పట్లు, లాండ్రీ బుట్ట కూడా కొనేశాం. ఆ రెండు రోజులూ వాడు నవ్వుకుంటూ లాప్‌టాప్‌లో పేర్లు చూస్తూ కూర్చున్నాడు. వాడు చూస్తున్నది వాడి సీటు లెక్కేనని నాకూ తెలియదు, వాడికీ తెలియదు.

అసలు డ్రాఫ్ట్ ఎలా జరుగుతుందో కాస్త చెబుతాను, తెలిసినవాళ్లు క్షమించాలి. మేజర్ లీగ్ జట్లు 30. 1965 నుంచి ఏటా వంతుల వారీగా కొత్త ఆటగాళ్ల పేర్లు పిలుస్తాయి. హైస్కూల్ పూర్తి చేసినవాడిని పిలవచ్చు. వాడు పిలిచిన జట్టుతో సంతకం పెట్టకుండా నాలుగేళ్ల కాలేజీకి వెళ్తే, మూడో ఏడాది అయ్యేదాకా లేదా 21 ఏళ్లు వచ్చేదాకా మళ్లీ పిలవకూడదు. రెండేళ్ల జూనియర్ కాలేజీ వాడిని మాత్రం ఏ ఏడాదైనా పిలవచ్చు. మొదట్లో రౌండ్లకి లెక్కే లేదు, తర్వాత 50 ఉండేవి, 2012 నుంచి 40, కోవిడ్ ఏడాది 5, 2021 నుంచి 20. అంటే 2019లో 1,200 మందికి పైగా పిలిచినవాళ్లు ఇప్పుడు 600 చిల్లర మందితో సరిపెడుతున్నారు. మిగతా 600 మంది ఆట మానేశారా? లేదు కదా. హైస్కూల్ వాడైతే కాలేజీకి వచ్చాడు, కాలేజీ వాడైతే కాలేజీలోనే ఉండిపోయాడు. ఆల్బర్ట్ పూహోల్స్ 13వ రౌండ్, మైక్ పియాజా 62వ రౌండ్. అంత కింద పిలిచిన పియాజా హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. ఆ రౌండే ఇప్పుడు లేదు.

పైగా డ్రాఫ్ట్ జూన్‌లో జరిగేది, 2021 నుంచి జూలైకి జరిపారు. టీవీలో ఆల్‌స్టార్ వారానికి కలిసొస్తుందని. మరి ఆగస్టులో క్లాసులు మొదలయ్యే కాలేజీ కోచ్ సంగతి? ఆయన దగ్గర సంతకం పెట్టిన పిల్లల్లో ఎవరు వస్తారో, ఎవరు డబ్బు తీసుకుని వెళ్లిపోతారో జూలై నెలాఖరుదాకా ఆయనకే తెలియదు.

మన ఎంసెట్ కౌన్సెలింగ్ గుర్తు చేసుకోండి. పై ర్యాంకు వాడికి ఐఐటీ వస్తే వాడు వదిలిన సీటు కింది వాడికి, వాడిది ఇంకా కింది వాడికి, అలా జారుతూ వచ్చేది. సీటు ఖాళీ అయ్యాకే ఇంకొకడిని పిలిచేవాళ్లు. ఇక్కడ కోచ్ ఖాళీ కాకముందే పిలుస్తాడు. సంతకం పెట్టిన వాళ్లలో ముగ్గురు డ్రాఫ్ట్‌లో పోతారు, మా జూనియర్లలో, అంటే మూడో ఏడాది వాళ్లలో, నలుగురు పోతారు, కాబట్టి ఇంకో ఏడుగురికి మాటిచ్చి పెట్టుకుందాం అని లెక్క వేస్తాడు. పోతారనుకున్న వాళ్లు పోకపోతే మాటిచ్చిన ఆ ఏడుగురూ ఎక్కడ కూర్చోవాలి?

మాకు జరిగింది అదే. జూలై ఆఖరి వారం, సాయంత్రం, నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. మావాడు ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లాడు. నాలుగు నిమిషాలు మాట్లాడాడు. లోపలికి వచ్చి "నాన్నా, ఇద్దరు పిచ్చర్లు వెనక్కి వచ్చేశారట" అన్నాడు, అంతే. ఒకడు వాళ్ల కాలేజీ జూనియరే, డ్రాఫ్ట్‌లో పేరు రాలేదు. ఇంకొకడు మావాడి ఈడు వాడే, ఆ అబ్బాయి అడిగిన డబ్బు ఏ జట్టూ ఇవ్వలేదు. వీళ్లు కాక, కాలేజీ మారే ఆటగాళ్ల పేర్లుండే పోర్టల్ నుంచి ఇంకొకడు. మావాడిని స్టూడెంటుగా రమ్మన్నారు, ఫాల్‌లో ట్రయౌట్‌కి రావచ్చన్నారు, లేదంటే జూనియర్ కాలేజీ చూసుకోమన్నారు. క్లాసులకి మూడు వారాలుంది. ఏడాదిన్నరగా వేరే కోచ్‌లు ఫోన్ చేస్తే "నేను కమిటెడ్ సార్" అని మర్యాదగా చెప్పి పెట్టేసిన పిల్లాడండీ వాడు. మాట ఇచ్చాం కదా నాన్నా అనేవాడు.

క్షమించండి, ఒక్క నిమిషం.

ఆ వెనక్కి వచ్చిన ఇద్దరి మీద నాకు కోపం లేదు. వాళ్ల తల్లిదండ్రులు కూడా ఆ రెండు రోజులూ ఫోన్ పక్కన పెట్టుకుని నిద్ర లేకుండా కూర్చునే ఉంటారు. ఆ టెన్షన్ ఎలాంటిదో చెబుతాను. డ్రాఫ్ట్‌కి ముందు జట్టు తరఫున ఆటగాళ్లని వెతికే స్కౌట్ ఇంటికి వచ్చి "నీ నంబర్ ఎంత?" అని అడుగుతాడు. ఎంత ఇస్తే కాలేజీ మానేసి సంతకం పెడతావు అని. 17 ఏళ్ల పిల్లాడు దానికి జవాబు చెప్పాలి. ఎక్కువ చెబితే పేరు పిలవరు. తక్కువ చెబితే ఆ డబ్బుకే కాలేజీ వదులుకోవాలి. మొదటి పది రౌండ్లలో ప్రతి వంతుకీ ఒక ధర కట్టి ఉంటుంది, అవన్నీ కలిపితే జట్టు బడ్జెట్. దాన్ని ఐదు శాతం దాటితే వచ్చే ఏడాది మొదటి రౌండ్ వంతు పోతుంది కాబట్టి ఎవరూ దాటరు. అందుకే నాలుగో ఏడాది కాలేజీ ఆటగాణ్ణి, ఇంకెక్కడికీ పోలేడు కదా అని, నామమాత్రపు డబ్బుకి తీసుకుని మిగిల్చిన సొమ్ముతో ఒక హైస్కూల్ పిల్లాడిని ఒప్పిస్తారు. నాలుగేళ్లు చదివి ఆడినవాడికి దక్కే గౌరవం అది.

డబ్బు పెద్దదైతే ఆలోచించక్కర్లేదు. కిందటేడాది మొదటి పేరు ఈలై విల్లిట్స్, 17 ఏళ్లు, ఒక్లహోమా యూనివర్సిటీకి కమిట్ అయిన అబ్బాయి. నేషనల్స్ జట్టు వాళ్లు 82 లక్షల డాలర్లు ఇచ్చారు. ఎవరు వద్దంటారు? వద్దని బాగుపడ్డవాళ్లూ ఉన్నారు, గెరిట్ కోల్‌ని 2008లో యాంకీస్ మొదటి రౌండ్‌లో పిలిస్తే కాదని యూసీఎల్ఏ వెళ్లాడు, 2011లో దేశంలోనే మొదటి పేరు ఆయనది, పైరేట్స్ 80 లక్షలు ఇచ్చారు. కానీ మధ్యలో వాళ్ల సంగతి చూడండి. 11వ రౌండ్ నుంచి బడ్జెట్‌తో పేచీ లేకుండా ఇవ్వగలిగేది లక్షన్నర డాలర్లు. అందులో టాక్స్ పోను మిగిలేదెంత? తర్వాత మేజర్స్‌కి కింద ఉండే మైనర్ లీగ్ జీతం, యూనియన్ వచ్చి 2023లో ఒప్పందం చేసుకుంటేనే కింది మెట్టయిన సింగిల్ ఏ వాళ్లకి ఏడాదికి 11,000 ఉన్నది 26,200 డాలర్లు అయింది. ఇంత కష్టపడి పెంచుకున్నా అంతే.

ఇప్పుడు పిచ్చర్ కుమార్ రాకర్ గురించి చెప్పకుండా వెళ్తే మా ఆవిడ ఊరుకోదు. ఆ అబ్బాయి వాళ్లమ్మ పేరు లలిత. ఆవిడ తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినవాళ్లు. అబ్బాయి చదివింది ఇక్కడే, జార్జియాలో ఏథెన్స్ పక్కన నార్త్ ఓకోనీ హైస్కూల్. 2018లో రాకీస్ 38వ రౌండ్‌లో పిలిచారు, వాండర్‌బిల్ట్‌కి వెళ్తానని గట్టిగా ఉన్నాడని అందరికీ తెలుసు కాబట్టి అంత కింద. వెళ్లాడు. మొదటి ఏడాదే, 2019లో, డ్యూక్ మీద ఒక్క హిట్ ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు! ఆ రాత్రి మావాడు సోఫా మీద నుంచి దిగలేదు. 2021లో మెట్స్ పదో పేరుగా పిలిచారు, 60 లక్షల డాలర్లకి మాట కుదిరిందని పేపర్లన్నీ రాశాయి. తర్వాత వైద్య పరీక్షల్లో చేయి సరిగా లేదనుకున్నారు, గడువు దాటేదాకా అసలు ఆఫరే ఇవ్వలేదు. సంతకం జరగలేదు కాబట్టి మెట్స్‌కి పరిహారంగా 2022లో 11వ వంతు ఇచ్చారు. అబ్బాయికి ఏమిచ్చారు? ఏమీ లేదు. ట్రై సిటీ అనే చిన్న స్వతంత్ర లీగ్ జట్టులో ఆడి తనను తాను మళ్లీ చూపించుకున్నాడు, రేంజర్స్ మూడో పేరుగా తీసుకుని 52 లక్షలు ఇచ్చారు. 2023లో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ అయింది, 2024 సెప్టెంబర్‌లో మేజర్స్‌లో తొలి ఆట ఆడాడు. ఇప్పుడు డ్రాఫ్ట్‌కి ముందే మెడికల్ చేయించుకుంటే కట్టిన ధరలో కనీసం 75 శాతం ఇవ్వాలని రూలు పెట్టారు. అంత పేరున్న అబ్బాయికి దెబ్బ తగిలితేగాని రూలు గట్టిపడలేదు. మరి వాక్ ఆన్‌కి దెబ్బ తగిలితే ఎవరు రాస్తారు రూలు?

ఈ ఏడాది ఇంకా ఇరుకు. 2025 జూన్‌లో, కాలేజీ ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు సెటిల్మెంట్‌కి కోర్టు ఒప్పుకుంది. అంతకుముందు జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లు ఉండేవి, వాటిని ముక్కలు చేసి పంచేవాళ్లు. ఇప్పుడు ఒప్పందంలో చేరిన కాలేజీలు రోస్టర్‌లో అందరికీ పూర్తిగా ఇవ్వచ్చు, అది మంచిదే. కానీ రోస్టర్ 34కి కట్టేశారు. అంతకుముందు 40 మంది ఉండేవాళ్లు. అప్పటికే మాటిచ్చిన పిల్లల్ని ఈ లెక్కలోకి రాకుండా చూసుకునే వెసులుబాటు కోర్టు ఇచ్చింది, అయితే ఉంచుకోవడం, మానడం కాలేజీ ఇష్టం. మావాడి విషయంలో వాళ్లు మానారు. ఫలానా కాలేజీకే వస్తానని సంతకం పెట్టే పాత లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతిని 2024లోనే తీసేశారు. కాబట్టి సంతకం పెట్టిన స్కాలర్‌షిప్ కాగితం మీ చేతిలో ఉంటేనే మీకు హక్కు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు హక్కు కాదు.

ఇక్కడున్న అన్నయ్యలకి, అక్కలకి చేతులెత్తి అడుగుతున్నాను. కోచ్ ఫోన్ చేసినప్పుడు మొహమాటపడకండి. మనకి మాస్టారి ముందు నోరు విప్పకపోవడం అలవాటు, నేనూ అలాగే కూర్చున్నాను. మీ దగ్గర సంతకం పెట్టిన వాళ్లలో డ్రాఫ్ట్‌కి వెళ్లేవాళ్లు ఎంతమంది అనుకుంటున్నారు, వాళ్లంతా ఉండిపోతే మావాడి చోటేమిటి, ఇది అడగండి. మీ కాలేజీ 34 లెక్కలో ఉందా లేదా, అడగండి. కిందటి ఆగస్టులో ఎంతమంది కొత్తవాళ్లని పంపించేశారు, అడగండి. నిజాయితీ గల కోచ్ జవాబు చెబుతాడు, అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు, నాకు తర్వాత తెలిసింది. ఫోన్లో చెప్పింది ఈమెయిల్లో రాయమనండి. రెండో దారి తెరిచే ఉంచండి, జూనియర్ కాలేజీ కోచ్ ఫోన్ చేస్తే చిన్నచూపు చూడకండి, మేము చూశాం. ముఖ్యంగా, ఆట పోయినా ఆ కాలేజీలో చదవడం మీ పిల్లాడికి ఇష్టమేనా అన్నది జూలై కన్నా ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు, చూశాను. మావాడు ఇప్పుడు జూనియర్ కాలేజీలో ఆడుతున్నాడు, వాళ్ల కోచ్ ఆగస్టు రెండో వారంలో పిలిచి చోటిచ్చాడు, ఆయనకి మేము జన్మంతా రుణపడి ఉంటాం. మీలో ఒకరి అబ్బాయికి కిందటి వారం ఒక కోచ్ ఫోన్లో మాటిచ్చాడని విన్నాను. పేరు చెప్పను. ఆ అబ్బాయిని తీసుకుని భోజనాల దగ్గర ఎడమ వైపు చివరి బల్ల దగ్గరికి రండి, ఆయన ఏమన్నాడో కూర్చుని మాట మాటా రాసుకుందాం. పొద్దుటి ఆట అయిపోయాక మావాడు కూడా మూడింటికి వస్తానన్నాడు.