మంచు కదిలే వేళ

శ్రోతలందరికీ నమస్కారం.

మనకు మంచు అంటే ఒకటే మాట. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, లంబసింగిలో దారి కనపడకుండా కమ్మేసేదీ మంచే, హిమాలయాల్లో అడుగుల కొద్దీ పేరుకునేదీ మంచే. పేపర్లో 'హిమపాతం' అని చూస్తే, మంచు కురిసిందో కొండ మీద నుంచి విరిగిపడిందో వార్త చదివితే గానీ తెలియదు. ఈ రోజు చెప్పబోయేది ఆ విరిగిపడే మంచు గురించి, అంటే మంచు చరియల గురించి.

మనకెందుకులే అనుకోకండి. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19 వేల అడుగులకు పైన ఉన్న సైనిక స్థావరం మీద మంచు విరిగిపడి పదిమంది జవాన్లను బలితీసుకుంది. వాళ్లలో ఒకరు అప్పటి కర్నూలు జిల్లా బిడ్డ. ఇప్పుడైతే చలికాలం వచ్చిందంటే మన పిల్లలు మనాలి అనీ, కేదార్‌కంఠ ట్రెక్ అనీ బ్యాగులు సర్దుకుంటున్నారు. వెళ్లనివ్వండి, ఆ కొండలు చూసి తీరాల్సినవే. కాకపోతే తెలుసుకుని వెళ్లాలి.

మంచు పొర మీద పొరగా పడుతుంది. అడుగు పొర ఒక్కోసారి పంచదార పలుకుల్లా విడివిడిగా అయిపోతుంది. దాని మీద కొత్త మంచు, గాలి మోసుకొచ్చిన మంచు గట్టి పలకలా కూర్చుంటుంది. పైకి నున్నగా, ముచ్చటగా ఉంటుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలు ఉంటే ఆ పలక జారడానికి ఒక్కోసారి ఒక్క మనిషి బరువు చాలు. గట్టిగా అరిస్తే మంచు కూలుతుందని సినిమాల్లో చూపిస్తారు, అది నిజం కాదు. కొండలెక్కేవాళ్లను మింగే చరియల్లో చాలావాటిని కదిలించేది వాళ్ల అడుగో, వాళ్లతో వచ్చినవాళ్ల అడుగో.

అందుకే భారీగా మంచు కురిశాక ఒకటి రెండు రోజులు వాలు మీదకు వెళ్లకూడదు. కాలు పెట్టగానే లోపల ధబ్‌మని బోలు శబ్దం వచ్చినా, అడుగు దగ్గర నుంచి పగుళ్లు పారినా వెంటనే వెనక్కి తిరగాలి. చుట్టూ చెట్లున్న కొండ మీద పైనుంచి కిందికి ఒక్క పట్టీ మాత్రం గొరిగినట్టు బోడిగా ఉంటే అది మంచు దిగే దారి కావచ్చు. అక్కడ టెంట్ వేయొద్దు, ఫొటో కోసమైనా నిలబడొద్దు. దాటక తప్పదంటే ఒక్కొక్కరే దాటాలి, మిగిలినవాళ్లు కళ్లార్పకుండా చూస్తూ ఉండాలి.

ఒకసారి మనాలి దగ్గర శిక్షణలో మీటరు లోతున ఒక సంచి పూడ్చి, వెతకమన్నారు. మంచులోకి దింపిన పొడవాటి కడ్డీ నేలకు తగిలితే టక్కుమంటుంది. సంచికి తగిలినప్పుడు మెత్తగా వెనక్కి తోసింది. ఆ తోపు నా అరచేతికి ఇప్పటికీ గుర్తే. కానీ జారి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది. ముగ్గురం తవ్వినా సంచి బయటపడేసరికి 20 నిమిషాలు దాటింది. మా గురువుగారు మాటేమీ అనకుండా గడియారం చూపించారు.

మంచు కింద ఎక్కువమంది పోయేది ఊపిరాడక. మొదటి పావుగంటలో తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ఆ ఆశ బాగా తగ్గిపోతుంది. ఆ కాస్త సమయంలో హెలికాప్టర్ వచ్చి చేరడం కష్టం. కాపాడగలిగేది పక్కనున్న మనిషే. అతని దగ్గర సిగ్నల్ పంపే, పట్టుకునే బీకన్, ఆ కడ్డీ, ఒక పార ఉండాలి.

2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గరి మాణాలో రోడ్డు పనివాళ్ల క్యాంపు మీద చరియ పడింది. 54 మందిలో 46 మంది బతికారు, వాళ్లలో చాలామందిని కాపాడింది తలదాచుకున్న ఇనుప కంటైనర్లే. ఎనిమిది మంది దక్కలేదు. ముందు రోజు సాయంత్రమే మంచు చరియల ముప్పును అంచనా వేసే, చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఆ ప్రాంతానికి హెచ్చరిక ఇచ్చింది.

కాబట్టి ట్రెక్‌కి డబ్బు కట్టే ముందు నిర్వాహకులను రెండు మాటలు అడగండి. ఆ రోజు హెచ్చరిక ఉంటే ఏం చేస్తారు? బీకన్, కడ్డీ, పార ఎవరి దగ్గర ఉంటాయి? జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే డబ్బు కట్టకండి.

నమస్కారం.