హాజరు మనది, రిజిస్టర్ వాళ్లది
(హన్మకొండలో జరిగిన కార్మికుల అవగాహన సభలో ఒక రిటైర్డ్ టైంకీపర్, అంటే హాజరు రాసే గుమాస్తా, చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు కూర్చున్న అక్కాచెల్లెళ్లకు, గోడవారన నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం. శాలువా తర్వాత కప్పండి, ఉక్కపోస్తోంది.

నాకిచ్చిన విషయం ‘కొత్త హాజరు యాప్ వాడటం ఎలా’ అని. అది మీ పిల్లలు నాకంటే బాగా చెబుతారు. ముఖం చూపిస్తే ఫొటో పడుతుంది, వేలు పెడితే టైం పడుతుంది. అంతే. పడిన ఆ టైం నెలాఖరుకు జీతం అయ్యేలోపు ఎక్కడ కారిపోతోందో చెబుదామని వచ్చాను.

మా నాయన ఆజంజాహి మిల్లు కార్మికుడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన వరంగల్ బట్టల మిల్లు. ఇప్పుడు మిల్లూ లేదు, మస్టర్లూ లేవు, అదే హాజరు పుస్తకాలు. ఆయనకు సంతకం తప్ప చదువు రాదు. అయినా నాగా పడిన రోజుకు, అంటే పనికి పోని రోజుకు, క్యాలెండర్‌లో సున్నా చుట్టి, జీతం రోజు గుమాస్తాతో పోట్లాడి వచ్చేవాడు. నేను ఆ గుమాస్తా ఉద్యోగమే చేశాను, అది వేరే సంగతి.

సింగరేణి వైపు చూడండి. భూపాలపల్లిలో, గోదావరిఖనిలో బదిలీ వర్కర్‌గా, అంటే రాని కార్మికుడి బదులు పనిచేసేవాడిగా, చేరిన పిల్లగాడికి ఒకటే ధ్యాస. బొగ్గు బాయి లోపలైతే 190, పైనైతే 240 మస్టర్లు, అంటే అన్ని రోజుల హాజరు. అవి నిండితే జనరల్ మజ్దూర్‌గా పర్మినెంట్. ఇంకెన్ని తక్కువున్నాయో ఇంట్లో వాళ్లు కూడా నోటికి చెబుతారు. మన చౌరస్తాలో షాపింగ్ మాల్ ముందు నిలబడే సెక్యూరిటీ తమ్ముడిని అడగండి, నీ మస్టర్లు ఎన్ని అని. నవ్వి ఊరుకుంటాడు. అతనికి ఎవరు చెప్పారు గనక?

240 అనే అంకె మీకూ ఉంది తమ్ముడూ. పన్నెండు నెలల్లో 240 రోజులు నిండిన కార్మికుడిని పని లేదని తీసేయాలంటే నెల ముందు నోటీసు, లేదా నెల జీతం ఇవ్వాలి. పైగా చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారం. గ్రాట్యుటీ లెక్కలోనూ ఇదే 240. ప్రసూతి సెలవు, జీతంతో కూడిన సెలవు కూడా ఈ 240 రోజుల లెక్కలోకే వస్తాయి.

ఇక అసలు బాధ చెబుతాను. పేరు చెప్పను గానీ ఒక ఏజెన్సీ ఉంది. అందులో హౌస్‌కీపింగ్ చేసే చెల్లెను తీసేశారు. ‘నీవి 216 రోజులే, నీకేమీ రాదు’ అన్నారు. వాళ్లు లెక్కపెట్టింది ‘పి’లు, అంటే పనికి వచ్చిన రోజులు మాత్రమే. ఆమెది నెల జీతం. ఆరు రోజుల పనికి ఒక వారాంతపు సెలవు, దానికీ జీతం ఇచ్చారు. 216ను ఆరుతో భాగిస్తే 36. కలిపితే 252! జీతం ఇచ్చిన ఆదివారాలు, పండుగ సెలవులు పనిదినాల లెక్కలోకి వస్తాయని అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. రిజిస్టర్‌లో వారాంతపు సెలవుకు ‘డబ్ల్యూఓ’ అని రాసిన గడులను వదిలేసి కూడటం తెలియక చేసిందా? నేను నమ్మను.

రిజిస్టర్ చూపించమంటే, కోర్టుకు పొమ్మన్నారు. కోర్టుకు పోతే? 240 రోజులు చేశానని చెబితే చాలదు, కార్మికుడే రుజువు చూపాలని సుప్రీంకోర్టు 2002లో ఒక కేసులో అన్నది. మస్టర్ తెప్పించమని మనం కోర్టును అడగొచ్చు, కాదనను. కానీ బుక్కు వాళ్ల బీరువాలో, రుజువు భారం మన నెత్తిన! ఆ చెల్లె కేసు వేయలేదు. ఇంకో ఏజెన్సీలో చేరింది. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క. అందుకే అడుగుతున్నా, మీ హాజరు కాపీ మీ దగ్గర ఉందా? ఉన్నవాళ్లు చేతులెత్తండి. ...చూశారా, వేదిక మీద కూడా ఒక్క చెయ్యి లేవలేదు.

టైం అయిందని చీటీ పంపారు. టైంకీపర్‌కే టైం చెబుతున్నారు! రెండు ముక్కలు చెప్పి దిగుతా.

మూడుసార్లు లేటైతే అర రోజు జీతం కోత అని చాలాచోట్ల బోర్డు పెడుతున్నారు. పది నిమిషాల చొప్పున మూడు లేట్లు అరగంట. అర రోజు అంటే నాలుగు గంటలు. గైర్హాజరైన టైం ఎంతో కోత అంతకు మించకూడదన్నది 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నుంచీ ఉన్న మాట. బోర్డు పెట్టినంత మాత్రాన అది చట్టం అయిపోదు.

రెండోది జాతర. మేడారం జాతర వస్తే మన దగ్గర మస్టర్ సగం ఖాళీ. సమ్మక్క తల్లి దగ్గరికి పోవద్దని ఎవరంటారు? పోండి. కానీ చెప్పకుండా పోతే నాగా పడుతుంది. మీకు సెలవులు మిగిలుంటే ముందే లీవ్ చీటీ రాసివ్వండి, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. జీతంతో మంజూరైన సెలవు 240లో కలుస్తుంది, నాగా కలవదు. వేలిముద్ర పడని రోజు కూడా అంతే. సున్నం, సిమెంటు పట్టి అరిగిన వేళ్లను మిషన్ గుర్తుపట్టదు. సాయంత్రం దాకా ఆగకుండా అప్పుడే సూపర్‌వైజర్‌కు మెసేజ్ పెట్టండి. ఫోన్లో మాట్లాడి ఊరుకోవద్దు, మాటకు రుజువేదీ?

మూడో వరుసలో నీలం చీర చెల్లే, పోయిన నెల జీతం చీటీ ఉందా? ఉందా! ఇటు పట్టుకురా అమ్మా. తమ్ముడూ, ఆ బోర్డు కొంచెం ముందుకు జరుపు. ‘పి’లు ఎన్నో, ‘డబ్ల్యూఓ’లు ఎన్నో ఇక్కడే కూడుదాం.