గడ్డకట్టిన టీకా, రిజిస్టరు అంచున రాసిన మాట

వ్యాఖ్యాత: నమస్కారం. టీకా కార్యక్రమంలో ఒకచోట తెలిసిన విషయం మరోచోటికి ఎలా చేరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తిరుపతి నుంచి ఈ భాగంలో మాట్లాడుకుందాం. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో టీకాల కోల్డ్ చైన్, అంటే టీకాలను చల్లగా ఉంచుతూ నిల్వచేసి చేరవేసే పని చూసి ఉద్యోగ విరమణ చేసిన మేడమ్ గారు మనతో ఉన్నారు. మేడమ్, శిక్షణలకు లోటు లేదు కదా, మరి లోపం ఎక్కడుందంటారు?

అతిథి: చెప్పే మాటకు కారణం జతచేయకపోవడంలో ఉందండీ. టీకాను చల్లగా ఉంచాలని అందరికీ చెబుతాం. మన ఎండలు ఎరిగినవారు ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకోవడం సహజం. కానీ ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్, హెపటైటిస్ బి వంటి టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. గడ్డకడితే దాని నిర్మాణం చెదిరి టీకా శక్తి తగ్గిపోతుంది, కరిగించినా తిరిగి రాదు. 2 నుంచి 8 డిగ్రీలు అన్నప్పుడు 8 ఎంత ముఖ్యమో 2 కూడా అంతే ముఖ్యం. అందుకే డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌లను బల్లమీద పరిచి, పైన చెమ్మ పట్టి, చెవి దగ్గర ఊపితే నీళ్ల చప్పుడు వినిపించాకే టీకాలు మోసుకెళ్లే పెట్టె, అంటే క్యారియర్‌లో పెట్టమంటాం. కారణం తెలియనివారికి అది ఉదయంపూట అనవసరపు ఆలస్యంలాగే కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: సీసా మీద రంగు మారే వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) గుర్తు ఆ సంగతి చెప్పదా?

అతిథి: చాలామంది పొరబడేది అక్కడే. 1996లో పోలియో చుక్కల సీసాలతో మొదలైన ఆ గుర్తు వేడిని మాత్రమే పట్టిస్తుంది. గడ్డకట్టిన సీసా మీద, వేడికి నల్లబడే ఆ లోపలి చదరం తెల్లగానే ఉండవచ్చు. అనుమానం వస్తే షేక్ టెస్ట్ చేయాలి. అదే బ్యాచ్ సీసా ఒకదాన్ని కావాలనే గడ్డకట్టించి, కరిగించి, అనుమానమున్న సీసాతో కలిపి ఊపి, పక్కపక్కన నిలబెట్టి దేనిలో మడ్డి త్వరగా దిగుతుందో చూస్తాం. కాగితం మీద చదివితే ఇది వంటబట్టదు, పక్కన నిలబడి చేయించాలి.

వ్యాఖ్యాత: క్షేత్రంలో తెలిసింది దేశాలు దాటిన సందర్భం ఉందా?

అతిథి: మశూచి విషయంలో ఉంది. 1966 చివర తూర్పు నైజీరియాలో టీకా చాలక, అమెరికా వైద్యుడు విలియం ఫోగీ బృందం మిషనరీల రేడియోల ద్వారా రోగులున్న ఊళ్లు కనుక్కొని వాటి చుట్టూ టీకాలు వేసింది. అందరికీ టీకా వేయడమే మార్గమన్న నమ్మకం బలంగా ఉన్న మన దేశంలో 1973 నుంచి ఆ పద్ధతే ఇంటింటి గాలింపుగా విస్తరించింది. 1975 మేలో చివరి కేసు నమోదైంది.

వ్యాఖ్యాత: మన జిల్లాల మాటేమిటి?

అతిథి: మన చిక్కంతా పురుళ్లతోనండీ. అమ్మాయి పలమనేరులో పుట్టింట కంటుంది, మూడో నెలలో బిడ్డతో వేలూరులోని అత్తవారింటికి వెళుతుంది. బిడ్డ పేరు ఇక్కడి ఏఎన్ఎం (ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) దగ్గరి డ్యూ లిస్టులో, అంటే టీకా వేయాల్సిన పిల్లల జాబితాలో ఉంటుంది, బిడ్డ అక్కడ ఉంటుంది. టీకాలను ఆన్‌లైన్‌లో నమోదుచేసే ప్రభుత్వ వేదిక యూ-విన్ వచ్చాక వివరాలు ఎక్కడినుంచైనా చూసే వీలు కలిగింది, అయితే నమోదు చేసిన ఫోన్ నంబరు తాతగారిదైతే వెతకడం కష్టమే. ఏ కోడలు ఎప్పుడు కదులుతుందో ఆశా కార్యకర్తకు ముందే తెలుసు. నేను చూసిన ఫారాల్లో ఆ మాట అడిగే గడి లేదు. చివరికి కొందరు ఏఎన్ఎంలు రిజిస్టరు అంచున ‘వచ్చినది’, ‘వెళ్లినది’ అని రాసుకోసాగారు.

వ్యాఖ్యాత: అది మిగతా చోట్లకు చేరిందా?

అతిథి: పక్క పీహెచ్‌సీలకు (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు) తీసుకెళ్లి చూపించాం. కొందరు మొదలుపెట్టారు. ఇప్పటికే రాతపని ఎక్కువైందని కొందరు అన్నారు, వారి మాటా నిజమే. వారికోసం మరో రిజిస్టరును తగ్గించి ఉండాల్సింది, ఆ పని ఎవరూ చేయలేదు.