కాలు తీస్తే పోయే లాక్, చెయ్యి తీసినా ఉండే లాక్

శ్రోతలకు నమస్కారం.

వానలు పడ్డాయంటే మా ములుగు, భూపాలపల్లి వైపు ఎక్కడో ఒకచోట లోడు టిప్పర్ నల్లరేగడిలో దిగబడి కనిపిస్తుంది. ఒక పక్క టైర్లు గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతుంటాయి. రెండో పక్కవి ఉలకవు పలకవు. చుట్టూ చేరినవాళ్లు "రేస్ ఇయ్యి, ఇంకా ఇయ్యి" అని అరుస్తుంటారు. 18 ఏళ్లు టిప్పర్ నడిపాను. రేస్ ఇస్తే బండి లోతుకు పోవడమే చూశాను గానీ బయటికి రావడం చూడలేదు. ఇవాళ చెప్పేది అట్లా దిగబడకుండా వేసే డిఫరెన్షియల్ లాక్ గురించి.

అసలు ఒక పక్కే ఎందుకు తిరుగుతుంది? సద్దుల బతుకమ్మ నాడు వెయ్యిస్తంభాల గుడి దగ్గరికి వెళ్లినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. లోపలి వరుసలో ఆడే ఆమె ఒక చుట్టు తిరిగేలోపు బయటి వరుసలో ఉన్నామె ఎక్కువ అడుగులు వెయ్యాలి. మలుపులో చక్రాలదీ అదే సంగతి. లారీ వెనక కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం సుమారు 1.8 మీటర్లు. బండిని పూర్తిగా వెనక్కి తిప్పుకుంటే బయటి చక్రం లోపలిదాని కంటే ఐదున్నర మీటర్ల పైనే ఎక్కువ నడవాలి. ఆ తేడాను సర్దడానికే వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే హౌసింగ్‌లో డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక ఉంటుంది.

రోడ్డు మీద అది లేకపోతే నడవదు. బురదలోనేమో అదే మొండికేస్తుంది. అరకకు కట్టిన జోడెడ్లను తలుచుకోండి. ఒక ఎద్దు బలం పెట్టకపోతే కాడి ఒరిగిపోతుంది, రెండోది ఎంత గుంజినా నాగలికి అందదు. డిఫరెన్షియల్ కూడా రెండు పక్కలకూ సమానంగానే బలం పంచుతుంది. జారే చక్రం ఎంత తక్కువ పట్టుకుంటే, గట్టి నేల మీద ఉన్న చక్రానికీ అంత తక్కువే దక్కుతుంది. లాక్ వేస్తే రెండూ ఒకే ఇరుసుకు బిగించినట్టు కలిసి తిరుగుతాయి.

మన దగ్గర చాలామంది డ్రైవర్లు ట్రాక్టర్ మీద చెయ్యి తిప్పుకొని టిప్పర్ ఎక్కినవాళ్లే. నేనూ అంతే. ట్రాక్టర్‌లో లాక్ పెడల్ మడమ దగ్గర ఉంటుంది. తొక్కితే పడుతుంది, కాలు తీస్తే మామూలుగా దానంతట అదే వదులుతుంది. టిప్పర్‌లో స్విచ్. చెయ్యి తీసినా అది అట్లాగే ఉంటుంది. మా తిప్పలన్నీ అక్కడే మొదలు.

2016 ఎండాకాలంలో మిషన్ కాకతీయ పనుల్లో చెరువు పూడిక తోలుతున్నాం. అడుగున ఇంకా తడి ఉంది. లాక్ వేసి, మొదటి గేర్‌లో చక్కగా కట్ట ఎక్కాను. ఆ సంతోషంలో లాక్ సంగతే మరిచిపోయాను. తారు రోడ్డు ఎక్కి కుడికి తిప్పితే స్టీరింగ్ బరువెక్కింది. ముందు టైర్లు తిరిగాయి, బండి మాత్రం నేరుగా పోతోంది. ఇంకొంచెం బలవంతంగా తిప్పాను. కింద ఫట్‌మని చప్పుడు. చక్రాన్ని తిప్పే ఇనుప కడ్డీ, అదే యాక్సిల్ షాఫ్ట్, విరిగింది. 10 టైర్ల టిప్పర్ లోడుతో కలిపి 25 టన్నుల దాకా ఉండొచ్చని అప్పటి చట్టం. అంత బరువు కింద టైర్లు జారలేక, చక్రాలు తేడాగా తిరగలేక ఆ మెలి అంతా షాఫ్ట్ మీద పడింది. ఓనరు అన్న మాటలు రేడియోలో చెప్పేవి కావు.

లాక్ దిగబడ్డాక వేసేది కాదు, దిగబడేలోపు వేసేది. బురద కనిపించగానే బండి ఆపి, క్లచ్ తొక్కి స్విచ్ వెయ్యాలి. డ్యాష్‌బోర్డు మీద లాక్ లైటు వెలగకపోతే కంగారు పడొద్దు. లోపల లాక్ పళ్లు ఎదురెదురుగా వచ్చి ఉంటాయి. క్లచ్ మెల్లగా వదిలి కొంచెం పాకనిస్తే పడతాయి. టైరు గిర్రున తిరుగుతున్నప్పుడు మాత్రం స్విచ్ ముట్టుకోవద్దు. పళ్లు ఊడతాయి.

టిప్పర్లలో ఇంజన్ తిప్పే ఇరుసులు రెండు ఉంటే లాక్‌లూ రెండు రకాలు. మొదట ఆ రెండు ఇరుసుల మధ్యది వేసి చూడాలి. చాలకపోతేనే కుడి, ఎడమ చక్రాల మధ్యది.

చెరువు కట్ట లాంటి ఏటవాలు దారి తడిగా ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. లాక్ లేనప్పుడు ఒక పక్క జారినా రెండో పక్క నేలను పట్టుకొని బండిని నిలబెడుతుంది. లాక్ వేస్తే రెండూ ఒకేసారి జారి, బండి వెనక భాగం పల్లానికి కొట్టుకుపోవచ్చు. అక్కడ లాక్ కంటే మొరం పోయించడం మేలు. హౌసింగ్ మట్టికి ఆనిందంటే ఇక ఏ లాకూ పనికిరాదు, పార పట్టాల్సిందే.

గట్టి నేల మీదికి రాగానే, స్టీరింగ్ తిప్పకముందే లాక్ తియ్యాలి. స్విచ్ తీసినా ఒక్కోసారి లైటు ఆరదు, మెలి పళ్లను పట్టి ఉంచుతుంది. యాక్సిలరేటర్ వదలండి, కొంచెం రివర్స్ తీసుకోండి. లైటు ఆరాకే మలుపు.

ఆ షాఫ్ట్ విరిగిన రోజు నుంచి లాక్ వేసినప్పుడల్లా మెడలో తువ్వాల తీసి స్టీరింగ్ మీద వేసేవాణ్ని. తిప్పబోతే చేతికి అదే తగిలేది. మా క్లీనర్ మొదట్లో నవ్వేవాడు. తర్వాత వాడు సొంతంగా బండి తీసుకున్నాక ఒకసారి ములుగు దారిలో ఎదురొచ్చాడు. స్టీరింగ్ మీద ఎర్ర తువ్వాల ఉంది.

ఉంటాను, నమస్కారం.